నెమ్మదించమన్నది ఎవరు?

2001 సెప్టెంబరులో టామ్స్ హార్డ్‌వేర్ వాళ్లు ఒక చిన్న వీడియో బయటపెట్టారు. విప్పదీసిన కంప్యూటర్, తెర మీద క్వేక్ 3 అరీనా ఆట. ఆట నడుస్తుండగానే ప్రాసెసర్ నెత్తిన ఉన్న హీట్‌సింక్‌ని ఫ్యానుతో సహా పీకేస్తారు. ఏమవుతుందో చూడటమే ప్రయోగం. ఏఎమ్‌డీ వారి అథ్లాన్ చిప్పులు పొగలు కక్కి మాడిపోయాయి. ఇంటెల్ పెంటియం 3 ఆట మధ్యలో బిగుసుకుపోయింది కానీ ప్రాణం దక్కించుకుంది. పెంటియం 4 దారి వేరు. ఆట ఆగలేదు. బొమ్మలు మాత్రం కుంటుకుంటూ కదిలాయి. హీట్‌సింక్ తిరిగి పెట్టగానే, ఏమీ జరగనట్టు, పాత వేగం అందుకుంది.

ఆ వీడియో చూసినవాళ్లు మాడిన చిప్పుల గురించే ఎక్కువగా మాట్లాడుకున్నారు. నాకైతే అందులో అసలు విశేషం పెంటియం 4. దాని లోపల వేడిని కొలిచే సెన్సర్, ఆ కొలతను క్షణక్షణం కనిపెట్టి చూసే సర్క్యూట్ ఉన్నాయి. వేడి హద్దు దాటగానే ఆ సర్క్యూట్ ప్రాసెసర్ గడియారాన్ని ఆపి ఆపి నడిపిస్తుంది. పని తగ్గుతుంది, దాంతో వేడీ తగ్గుతుంది. ఆడేవాడికి కనిపించేది మాత్రం ఒక్కటే: ఫ్రేములు పడిపోయాయి.

నిన్నటిదాకా 90 ఫ్రేములిచ్చిన సిస్టమ్ ఇవాళ 35 దగ్గర ఈడుస్తుంటే ఏదో పాడైందనే అనుకుంటాం. షాపుకి తీసుకెళితే ఫార్మాట్ కొట్టేద్దామంటారు, లేదా ర్యామ్ పెంచుకోమంటారు. రెండూ కొన్నిసార్లు పనిచేస్తాయి కూడా, అదే వాటితో వచ్చిన ఇబ్బంది. ఉన్నట్టుండి వేగం పడిపోయిన యంత్రం చాలాసార్లు చెడిపోయిన యంత్రం కాదు. లోపల ఎక్కడో ఒక సర్క్యూటో, ఒక సెట్టింగో, ఒక ప్రోగ్రామో నెమ్మదించమని ఆజ్ఞ ఇచ్చింది, మిగతా భాగాలు దాన్ని బుద్ధిగా పాటిస్తున్నాయి. కాబట్టి వెతకాల్సింది చెడిన భాగం కోసం కాదు, ఆ ఆజ్ఞ ఇచ్చినవాడి కోసం.

వెతికేముందు కొలబద్ద సరిచూసుకోవాలి. సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్ల గడువు. ఆ గడువులో ప్రాసెసర్ ఆట లోకాన్ని ఒక అడుగు ముందుకు జరపాలి: ఎవరు ఎక్కడున్నారు, తూటా ఎవరికి తగిలింది, గోడ కూలిందా లేదా. ఆ తర్వాత ఏమేం గీయాలో గ్రాఫిక్స్ కార్డుకి పట్టీ రాసివ్వాలి. కార్డు ఆ పట్టీ ప్రకారం మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద ఉండే 20 లక్షల పైచిలుకు చుక్కలకి రంగు తేల్చాలి. 144 ఫ్రేములు కావాలంటే ఇదంతా 7 మిల్లీసెకన్లలోపే ముగియాలి.

తెర మూలన కనిపించే ఎఫ్‌పీఎస్ అంకె సగటు మాత్రమే, సగటు చాలా విషయాలు దాచేస్తుంది. ఒక సెకనులో 50 ఫ్రేములు తలా 14 మిల్లీసెకన్లకి వచ్చాయనుకోండి, అది 700. ఆ తర్వాతి ఒక్క ఫ్రేము 300 మిల్లీసెకన్లు తీసుకుంది. మొత్తం సెకనులో 51 ఫ్రేములు. మూలన 51 అని చూపిస్తుంది, ఫర్వాలేదనిపిస్తుంది. ఆడేవాడికి మాత్రం సెకనులో మూడో వంతు సేపు తెర రాయిలా నిలబడిపోయింది, ఆ లోపు వాలొరంట్‌లో ఎదుటివాడు కాల్చేసి వెళ్లిపోయాడు. 2011లో టెక్ రిపోర్ట్ సంపాదకుడు స్కాట్ వాసన్ ఈ మెలికను పట్టుకుని, ఫ్రేములు లెక్కపెట్టడం కాదు, ఒక్కో ఫ్రేముకి పట్టిన సమయాన్ని గీతగా గీయాలని వాదించాడు. ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డుల సమీక్షలు రాసే తీరే మారింది. ఇవాళ ప్రెజెంట్‌మాన్, క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ వంటి ఉచిత సాధనాలు ఆ గీతను ఇంట్లోనే గీసి చూపిస్తాయి. గీత మొత్తంగా పైకి జరిగిందంటే యంత్రం ఆసాంతం నెమ్మదించింది. గీత కింద చదునుగానే ఉండి మధ్యమధ్యలో ముళ్లు పొడుచుకొస్తుంటే అది వేరే జబ్బు: డిస్కు నుంచి ఏదో చదవడమో, బొమ్మకి రంగు తేల్చే చిన్న ప్రోగ్రాములైన షేడర్లను అప్పటికప్పుడు తయారు చేసుకోవడమో. గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేసిన రోజు ఆట తడబడేది చాలావరకు అందుకే. పాత డ్రైవర్ కోసం దాచిన షేడర్లు కొత్తదానికి పనికిరావు, మళ్లీ వండుకోవాలి. కాసేపు ఆడితే అదే సర్దుకుంటుంది.

కొలబద్దలోనే ఇంకో మాయ ఉంది. వీ-సింక్ ఆన్‌లో ఉన్నప్పుడు కార్డు గీసిన బొమ్మ వెంటనే తెర మీదికి పోదు, తెర తనను తాను తాజా చేసుకునే ఘడియ కోసం ఆగుతుంది. 60 హెర్ట్జ్ మానిటర్‌కి ఆ ఘడియ ప్రతి 16.7 మిల్లీసెకన్లకి ఒకసారి. కార్డు 16లో బొమ్మ ముగిస్తే అంతా హాయి. 17 పట్టిందో, ఘడియ దాటిపోయింది, తర్వాతిది 33.3 దగ్గర. బొమ్మలు దాచుకోవడానికి రెండే బఫర్లు ఉంటే కార్డు అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. అంటే కార్డు వేగం కొద్ది శాతం తగ్గితే చాలు, 60 కాస్తా నేరుగా 30 అవుతుంది. సగానికి సగం పడిపోయిందని గుండెలు బాదుకుంటాం, నిజానికి తగ్గింది రవ్వంత. సరిగ్గా 60, సరిగ్గా 30 దగ్గర మేకు కొట్టినట్టు నిలబడ్డ అంకె కనిపిస్తే ముందు అనుమానించాల్సింది యంత్రాన్ని కాదు, ఇలాంటి హద్దునే. డ్రైవర్ అప్‌డేట్ తర్వాత 144 హెర్ట్జ్ మానిటర్ చడీచప్పుడు లేకుండా 60కి మారిపోయి ఉండటమూ ఈ కోవలోదే. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకి కాక మదర్‌బోర్డుకి తగిలించడం గురించి చెప్పనక్కర్లేదు. ఇల్లు దులిపిన మర్నాడు జరిగే తప్పు అది.

ఇక ఆజ్ఞ ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చడం. హెచ్‌డబ్ల్యూ ఇన్‌ఫో లాంటి ప్రోగ్రాము ఒకటి తెరిచి, ఆట నడుస్తుండగా నాలుగు అంకెలు పక్కపక్కన చూడాలి: కార్డు ఎంత శాతం పనిలో ఉంది, దాని క్లాక్ ఎంత, వేడి ఎంత, ఎన్ని వాట్లు తాగుతోంది. కార్డు 98 శాతం పనిలో ఉండి, క్లాక్ ఎప్పటిలాగే ఉంటే దాని తప్పేమీ లేదు. ఆటే బరువెక్కింది, కొత్త ప్యాచ్ ఏదో దిగింది, లేదా సెట్టింగులు మారాయి. కార్డు 98 శాతం పనిలో ఉన్నా క్లాక్ పడిపోయి ఉంటే దాన్ని ఎవరో పట్టి ఉంచారు. కార్డు 50 శాతమే పనిలో ఉంటే పట్టీ కోసం ఎదురుచూస్తోందన్నమాట, లోటు ప్రాసెసర్ వైపు ఉంది. ఇక్కడ టాస్క్ మేనేజర్‌ని నమ్మి మోసపోవడం చాలా తేలిక. 16 థ్రెడ్ల ప్రాసెసర్‌లో ఆటకి ప్రాణమైన ఒక్క థ్రెడ్ ఊపిరాడక కొట్టుకుంటుంటే, మొత్తం మీద అది చూపించేది ఆరు శాతం పై చిల్లర. దాన్ని చూసి ప్రాసెసర్ ఖాళీగా ఉందనుకుంటాం. మీటర్ కంటే గట్టి పరీక్ష ఇంకోటుంది: ఆట రిజల్యూషన్‌ని బాగా తగ్గించి చూడండి. ఫ్రేములు పెరిగాయా, గీసేవాడి దగ్గర అడ్డం. పెరగలేదా, రాసిచ్చేవాడి దగ్గర.

పట్టి ఉంచేవాళ్లలో అన్నిటికంటే తరచుగా దొరికేది వేడి. ట్రాన్సిస్టర్ తెరుచుకుని మూసుకున్న ప్రతిసారీ కొంత విద్యుదావేశం నిండి ఖాళీ అవుతుంది. అందులో ఖర్చయ్యే శక్తి గడియారపు వేగాన్ని బట్టి పెరుగుతుంది, ఓల్టేజిని బట్టి మాత్రం వర్గంగా పెరుగుతుంది. వేగం పెంచాలంటే ఓల్టేజీ పెంచాలి, కాబట్టి వేగంలో చివరి మెట్టు ఎప్పుడూ చాలా ఖరీదు. అదే సూత్రం దిగేటప్పుడు మనకి అనుకూలం. వేగం పదోవంతు, ఓల్టేజి పదోవంతు తగ్గిస్తే 0.9ని మూడుసార్లు హెచ్చవేసినట్టు, అంటే ఖర్చు 27 శాతం తగ్గిపోతుంది. చిప్పులు వేడెక్కితే ఆరిపోకుండా నెమ్మదించడమే ఎందుకు ఎంచుకున్నాయో ఈ లెక్క చెబుతుంది. కొద్దిగా వేగం వదులుకుంటే బోలెడంత వేడి తగ్గుతుంది. ఓల్టేజిని మాత్రమే కాస్త తగ్గించి, వేగం అలాగే ఉంచే అండర్‌వోల్టింగ్ అనే కిటుకు కూడా ఇందులోంచి వచ్చిందే. నా దృష్టిలో ల్యాప్‌టాప్ ఆటగాళ్లకి కొత్త ఫ్యానుల కంటే అదే ఎక్కువ మేలు చేస్తుంది, తయారీదారు దానికి తాళం వేయకపోతే.

ఐబీఎమ్‌లో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్ 1974లో ఒక చల్లని మాట చెప్పాడు: ట్రాన్సిస్టర్లు చిన్నవయ్యేకొద్దీ ఓల్టేజీ తగ్గుతూ పోతుంది, కాబట్టి అదే జాగాలో ఎన్ని దూర్చినా వేడి పెరగదు. మూడు దశాబ్దాల పాటు పరిశ్రమ ఆ మాట మీదే బతికింది. 2005 ప్రాంతానికి ఓల్టేజి ఇక కిందికి దిగనంది. మూసి ఉన్న ట్రాన్సిస్టర్లలోంచి కూడా కరెంటు కారిపోవడం మొదలైంది, వేడెక్కేకొద్దీ ఆ కారుడు ఇంకా పెరుగుతుంది. అప్పట్నుంచి చిప్పులన్నీ తమ హద్దు పక్కనే కాపురం చేస్తున్నాయి. చాలా ఇంటెల్ ప్రాసెసర్లకి ఆ హద్దు 100 డిగ్రీలు. 2022లో వచ్చిన రైజెన్ 7000 సిరీస్‌లో పెద్ద చిప్పులు బరువైన పనిలో 95 డిగ్రీల దాకా వెళ్లేలాగే తయారు చేశామని ఏఎమ్‌డీయే చెప్పింది. దానికి పదేళ్ల ముందే, 2012లో ఎన్విడియా జీటీఎక్స్ 680తో జీపీయూ బూస్ట్ తెచ్చింది. ఆ రోజు నుంచి గ్రాఫిక్స్ కార్డుకి స్థిరమైన వేగమంటూ లేదు. వాట్లు, వేడి, ఓల్టేజి ఎంతవరకు అనుమతిస్తే అంత వరకు అది పరిగెడుతుంది.

మన ఎండాకాలం ఈ లెక్కలోకి నేరుగా వస్తుంది. హీట్‌సింక్ చేయగలిగింది చిప్పుని గది గాలికంటే ఇన్ని డిగ్రీలు మాత్రమే ఎక్కువగా ఉంచడం, గదిని మించి చల్లబరచడం దాని వల్ల కాదు. ఆ తేడా 55 డిగ్రీలు అనుకుందాం. జనవరిలో గది 24 ఉంటే చిప్పు 79. మే నెలలో మధ్యాహ్నం రామగుండంలోనో రెంటచింతలలోనో పై అంతస్తు గది 40కి చేరితే, అదే చిప్పు, అదే ఆట, 95. యంత్రంలో ఒక్క మర కూడా మారలేదు, మారింది క్యాలెండరు. పరీక్షలైపోయి సెలవులిచ్చిన నెలలోనే పిల్లల ఫిర్యాదులు పెరగడంలో వింతేమీ లేదు.

దీనికి దుమ్ము తోడవుతుంది. ల్యాప్‌టాప్ అడుగు రేకు విప్పితే ఫ్యాను రెక్కలు ఒక మోస్తరు శుభ్రంగానే కనిపిస్తాయి, అక్కడే చాలామంది ఆగిపోతారు. ఫ్యానుని మరలు తీసి పక్కకి జరపండి. ఫ్యాను గాలి వెళ్లే చోట సన్నటి రాగి రేకుల వరుస ఉంటుంది. ఆ రేకుల మూతికి అడ్డంగా, ఫ్యాను వైపు, దుమ్మూ వెంట్రుకలూ దూదీ కలిసి గట్టిపడి కంబళి ముక్కలా ఒక పొర కట్టి ఉంటుంది. గోరుతో ఒక కొస పట్టి లాగితే ముక్కలు కాకుండా మొత్తం ఒకే చుట్టుగా ఊడి వస్తుంది. బయటి జాలీలోంచి బ్లోయర్ కొట్టినప్పుడు ఇది ఊడదు, ఫ్యాను వైపుకి వంగి మళ్లీ తన చోటికే వస్తుంది. పైగా ఫ్యాను బ్లోయర్ దెబ్బకి గిర్రున తిరిగి బేరింగు పాడవుతుంది, రెక్క పట్టుకుని కొట్టాలి. థర్మల్ పేస్టు సంగతి కూడా ఇక్కడే చూసుకోవచ్చు. చిప్పు, రాగి పలక నున్నగా కనిపిస్తాయే గానీ సూక్ష్మంగా చూస్తే గుట్టలూ గుంటలూ. గుంటల్లో గాలి ఇరుక్కుంటే వేడి దాటదు, రాగితో పోలిస్తే గాలి 15 వేల రెట్లు నాసిరకం వాహకం. పేస్టు పని ఆ గాలిని తరిమేసి గుంటలు పూడ్చడమే. వేడెక్కడం, చల్లారడం వందలసార్లు జరిగాక పేస్టు అంచులకి జరిగిపోతుంది, మధ్యలో పలచబడుతుంది.

వేడి నేరస్తుడైతే కాలం సాక్ష్యం చెబుతుంది. ఆట మొదట పది పదిహేను నిమిషాలు బాగా నడిచి, ఆ తర్వాత దిగజారి, అక్కడే స్థిరపడుతుంది. లోహం వేడెక్కడానికి పట్టే వ్యవధి అది. సరిగ్గా మొదటి అరనిమిషం మాత్రమే ఎగిరిపడి తగ్గితే అది వేడి కూడా కాదు. ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకి తక్కువ సేపటికి ఒక వాట్ల హద్దు, ఎక్కువ సేపటికి ఇంకో హద్దు ఉంటాయి. చాలా యంత్రాల్లో ఆ గడువు 28 సెకన్లో, 56 సెకన్లో. గంటన్నర ఆడాక దిగజారి, ఆట మూసి తెరిస్తే బాగుపడితే మెమరీ వైపు చూడాలి. గ్రాఫిక్స్ కార్డు సొంత మెమరీ నిండిపోతే మిగిలిన టెక్స్చర్లు, అంటే వస్తువుల పైపూత బొమ్మలు, సిస్టమ్ ర్యామ్‌లోకి పోతాయి. ఆర్‌టీఎక్స్ 3070 తన 8 గిగాబైట్ల మెమరీని సెకనుకి 448 గిగాబైట్ల వేగంతో చదువుతుంది. అదే సరుకు పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారి గుండా రావాలంటే గట్టిగా 32. పద్నాలుగో వంతు. టెక్స్చర్ నాణ్యత ఒక్క మెట్టు తగ్గిస్తే ఫ్రేములు అమాంతం తిరిగి రావడం ఇందుకే, ఇక్కడ మధ్యస్థితి ఉండదు.

ఆట తెరిచిన మొదటి సెకను నుంచే నీరసంగా ఉంటే? నాకు ఈ రకం కేసులే ఆసక్తికరం. ల్యాప్‌టాప్ చేతికి చల్లగా ఉంటుంది, సెన్సర్లు 50 డిగ్రీలు చూపిస్తాయి, ఫ్యాను తిరగను కూడా తిరగదు. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వేగం చూస్తే 0.79 గిగాహెర్ట్జ్ దగ్గర కదలకుండా కూర్చుని ఉంటుంది, ఎంత పని ఇచ్చినా అంతే. నాలుగు గిగాహెర్ట్జ్ అందుకోవాల్సిన చిప్పు అది. వేడి లేదు, మరి పట్టింది ఎవరు? ప్రాసెసర్ వేడెక్కినప్పుడు ప్రాక్‌హాట్ అనే సంకేతం వెలువడుతుంది. చాలా బోర్డుల్లో ఆ తీగ రెండువైపులా పనిచేస్తుంది. ప్రాసెసర్ బయటికి కేక వేయగలదు, బయటి భాగాలూ ప్రాసెసర్‌ని హెచ్చరించగలవు. కేక వేసింది ఎవరైనా ప్రాసెసర్ ప్రశ్నించదు, అట్టడుగు వేగానికి దిగిపోతుంది.

బయటి నుంచి కేకవేసేవాళ్లలో ఛార్జర్ ముఖ్యుడు. కొన్ని ల్యాప్‌టాప్ ఛార్జర్ల గుండ్రటి మూతిలో నట్టనడుమ ఒక సన్నని పిన్ను ఉంటుంది. కరెంటు దాని గుండా రాదు. నేను ఇన్ని వాట్ల ఛార్జర్‌ని అని ల్యాప్‌టాప్‌కి చెప్పుకోవడం దాని పని. ఆ పిన్ను కాస్త వంగినా, మూతి దగ్గర తీగ తెగినా ల్యాప్‌టాప్‌కి పరిచయం అందదు. బలహీనమైన ఛార్జర్ నుంచి ఎక్కువ లాగి కాల్చేయడం కంటే నెమ్మదించడం నయమని బోర్డు తేల్చుకుంటుంది. ఛార్జర్ దీపం వెలుగుతూనే ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద ఒక నిమిషం నడపండి. వేగం పెరిగిందా, దొంగ దొరికినట్టే. 230 వాట్ల ఇటుకను ఇంట్లో మరిచిపోయి, ఫోన్ కోసం కొన్న 65 వాట్ల టైప్-సీ ఛార్జర్‌తో హాస్టల్‌లో ఆట తెరిచినవాడి కథా ఇదే. ఈ సంకేతాన్ని ప్రాసెసర్ పట్టించుకోకుండా చేసే థ్రాటిల్‌స్టాప్ లాంటి ప్రోగ్రాములున్నాయి. కారణం తెలిశాక, ఛార్జర్ వచ్చేలోపు వాడుకుంటే సరే. కారణం తెలియకుండా వాడటం మాత్రం, బోర్డు పెట్టుకున్న రక్షణను కావాలని తీసిపారేయడమే.

మెత్తని సామాను, అంటే సాఫ్ట్‌వేర్, నిజంగానే దోషి అయిన సందర్భాలూ చరిత్రలో ఉన్నాయి. 2021 ఏప్రిల్ ప్రాంతంలో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ల తర్వాత కొందరికి ఆటలు నెమ్మదించాయని మైక్రోసాఫ్ట్ ఒప్పుకుని, మార్పును వెనక్కి తీసుకుంది. అదే ఏడాది అక్టోబరులో విండోస్ 11 విడుదలైన రోజుల్లోనే, రైజెన్ ప్రాసెసర్ల ఎల్3 క్యాష్ మెమరీ స్పందించే సమయం సుమారు మూడు రెట్లు పెరగొచ్చని ఏఎమ్‌డీ ప్రకటించింది. చాలా ప్రోగ్రాములకి నష్టం 3 నుంచి 5 శాతం, కొన్ని పోటీ ఆటలకి 10 నుంచి 15 శాతం. ఆ నెలాఖరులోపే మరమ్మతు వచ్చింది. ఇలాంటప్పుడు పనికొచ్చేది తేదీ ఒక్కటే. ఫ్రేములు ఎప్పుడు పడ్డాయో గుర్తుంటే విండోస్ అప్‌డేట్ చరిత్ర పక్కన పెట్టి చూసుకోవచ్చు. బయోస్ అప్‌డేట్ చేసినా, మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయినా 3200 వేగపు డీడీఆర్4 ర్యామ్ తన పుట్టు వేగమైన 2133కి జారిపోవచ్చు. రెండు స్టిక్కుల్లో ఒకటి పట్టు వదిలితే ర్యామ్ దారి సగమవుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లకి ఈ దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. బయోస్ తెరిచి చూసుకోవడానికి రెండు నిమిషాల పని.

చిప్పు పాతబడింది, అందుకే నెమ్మదించిందనే మాట తరచూ వింటుంటాను. డిజిటల్ సర్క్యూట్‌కి అలసట లేదు. గడియారం టిక్కుమన్నప్పుడల్లా ఒక అడుగు వేయాలి. వేయగలిగితే పూర్తి అడుగు, వేయలేకపోతే తప్పుడు అడుగు, అంతే. ఏళ్ల తరబడి ఓల్టేజి తిన్న ట్రాన్సిస్టర్లు నిజంగానే ముసలివవుతాయి, కానీ ఆ ముసలితనం ఫ్రేములు తగ్గడంగా కనిపించదు, ఆట ఉన్నట్టుండి మూసుకుపోవడంగా కనిపిస్తుంది. 2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో జరిగింది ఇదే. అధిక ఓల్టేజి వల్ల వాటిలో కొన్ని త్వరగా ముసలివైపోయాయి. అన్‌రియల్ ఇంజిన్ మీద తయారైన ఆటలు కుప్పకూలుతూ, వీడియో మెమరీ చాలలేదని సందేశం చూపించాయి. సందేశాన్ని నమ్మి గ్రాఫిక్స్ కార్డుని అనుమానిస్తే ఏమీ దొరకదు, కార్డులో లోపమే లేదు. ఇంటెల్ ఆ ఆగస్టులో మైక్రోకోడ్ మరమ్మతు ఇచ్చి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. అప్పటికే ముసలివైన చిప్పులని మాత్రం ఆ మరమ్మతు బాగుచేయలేదు, వాటిని మార్చుకోవాల్సిందే.